మా బాపు తాగిన పసరు

ఆకుకూరలు ఎంత తింటే అంత మంచిదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను పాఠాలు చెప్పే బడిలో మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పగానే ఈ మాట ఎవరో ఒకరు అంటారు. టీవీలో చూసి అంటారు, ఫోనులో చూసి అంటారు. పాలకూర తింటే రక్తం పడుతుందట, మునగాకు తింటే లేని రోగం కూడా పోతుందట. నేను తల వంచుకుని నా అన్నం నేను తింటాను. నోరు తెరిస్తే అక్కడితో ఆగదని నాకు తెలుసు. ఆకు మీద నాకేం పగ లేదు. ఎవరికి, ఎంత, ఎందుకు అని అడగకుండా గ్లాసులకు గ్లాసులు పోసే ప్రేమ మీద నాకు పగ. పోసిన చేతిని వదిలేసి పక్కనున్న చేతిని పట్టుకుని దొంగ అనే పెద్దమనుషుల మీద పగ. అన్నిటికంటే ఎక్కువ, నిజం తెలిసీ నోరు మూసుకున్నవాడి మీద పగ. ఆ మనిషి మా బాపు.

బాపు సిరిసిల్లలో పుట్టాడు. సాంచాల మీద పని చేసేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ చప్పుడులో పెరిగినవాళ్ళు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతారు, మా బాపు కూడా అంతే. సాంచాలు ఆగిపోయిన కాలంలో ఆయన గొంతు తగ్గింది. వాడకట్టు చెదిరిపోయింది. కొందరు భివండి బస్సెక్కారు. కొందరు ఎక్కడికీ పోలేక ఇంట్లోనే ప్రాణం తీసుకున్నారు. మా మేనత్త భర్త భివండి పోయాడు, మా బాపు దుబాయి పోయాడు. మస్కట్ పోయినా బహ్రెయిన్ పోయినా మా దగ్గర అందరూ దుబాయే పోతారు. అమ్మ నన్ను తీసుకుని తన పుట్టిన ఊరు కోరుట్లకు వచ్చి, ఒక గది కిరాయికి తీసుకుని బీడీలు చుట్టింది. నేను జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని.

బాపు అనుకోకుండా తిరిగొచ్చింది నేను డిగ్రీలో ఉన్నప్పుడే. అడిగినవాళ్ళందరికీ ఛుట్టీ మీద వచ్చానని చెప్పాడు. మనిషి సగమయ్యాడు. వచ్చిన రోజు సాయంత్రం తలుపు వేసి, మా ఇద్దరి ముందు అంగీ విప్పాడు. గొంతు కింది గుంత నుంచి పొట్ట పైదాకా నిలువునా గాటు. కుట్ల మచ్చలు రెండు పక్కలా జెర్రి కాళ్ళలా ఉన్నాయి. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు ఆయనకు కీళ్ళు వాచి జ్వరాలు వచ్చేవట. ఆ జ్వరం గుండెలోని కవాటాన్ని ఎప్పుడో తినేసిందట. అది తెలియక ఇన్నేళ్ళూ సాంచాల దగ్గర నిలబడ్డాడు, అక్కడి ఎండలో ఇటుకలు మోశాడు. ఒకరోజు పని మీదే పడిపోతే అక్కడి దవాఖానలో ఛాతీ కోసి లోహపు కవాటం పెట్టారు. కోలుకున్నాక కొన్ని నెలలు క్యాంపు గేటు దగ్గర కూర్చోబెట్టి, చేతిలో మందు గోలీల సంచి పెట్టి విమానం ఎక్కించారు.

అంగీ వేసుకుంటూ ఆయన అన్న మాట మాత్రం నాకు అక్షరం మరిచిపోకుండా గుర్తుంది.

"గీ ముచ్చట గీ గడప దాటద్దు. నా అక్కకు సుత ఎర్క గావద్దు. గుండె కోసినోడంటే మల్ల వీసా ఎవడిస్తడు?"

కోరుట్లలో ఒక ఏజెంటు ఉండేవాడు. ఈసారి వాచ్‌మన్ పని, కుర్చీలో కూర్చునే పని, మెడికల్ సంగతి నేను చూసుకుంటానని చెప్పాడట. ఛాతీ మీద అంత గాటు పెట్టుకుని ఏ మెడికల్ దాటుతాడో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. కానీ మునిగేవాడికి గడ్డిపోచ కూడా పడవే. అమ్మ తల ఊపింది. అమ్మ మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. మా ఇంట్లో మాట ఇచ్చినవాళ్ళే మునిగారు.

ఆ లోహపు కవాటానికి చప్పుడు ఉండేది. ఇంట్లో మాటలు ఆగితే టిక్కు టిక్కుమని వినిపించేది. ఎవరైనా ఇంటికి వస్తారని బాపు పెద్ద డయలున్న వాచీ ఒకటి కట్టుకుని తిరిగేవాడు. పక్కింటామె ఒకసారి, ఏం గడియారమమ్మా, ఇంత దూరానికి వినొస్తుంది అన్నది. దుబాయి మాల్ కదా అని బాపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గోలీలలో ఒకటి రక్తాన్ని పల్చగా ఉంచేది. లోహం మీద రక్తం గడ్డ కట్టకుండా అది జీవితాంతం వేసుకోవాలి. అంతవరకే మాకు తెలిసింది. నేను పట్టుబట్టి బాపును జగిత్యాలలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దుబాయి కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, ఇవే గోలీలు నడిపించండి, ఆపకండి అని రాసిచ్చి గంట కొట్టాడు. తర్వాతి రోగి లోపలికి వచ్చి మా వెనకాలే నిలబడ్డాడు. ఏం తినాలి సార్ అని నేను అడిగాను. ఉప్పు తగ్గించమన్నాడు. ఆయన నోట్లోంచి ఇంకొక్క మాట రాలి ఉంటే మా బతుకు వేరుగా ఉండేది. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మా ఫైలు మూసి అవతల పెట్టినంతసేపు కూడా పట్టదు.

అప్పుడే వానలు పడ్డాయి. వానాకాలం మా దిక్కు కూరగాయల బేరం ఎవరూ చేయరు. చేను గట్టున గంగవాయిలి, చెంచలి ఆకులు మొలుస్తాయి, పెరట్లో తోటకూర లేస్తుంది, పుంటికూర, అదే గోంగూర, ఎవరింట్లో చూసినా ఉంటుంది. బాపు ఇన్నేళ్ళు క్యాంపులో కుబ్బూసు రొట్టె, పప్పు, కోడి కూర తిని బతికాడు. పచ్చటి ఆకు కనబడితే ఆయన కళ్ళు మెరిసేవి. అమ్మ వండింది. భర్త అడిగితే, అదీ చావు తప్పి వచ్చిన భర్త అడిగితే వండదా? వారంలో రెండు మూడు పూటలు వండింది. అందరూ వండినట్టే వండింది.

ఇంతలో మా మేనత్త సిరిసిల్ల నుంచి దిగింది. బాపుకు అక్క ఆమె. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. అందుకే తమ్ముడు ఛుట్టీ మీద వచ్చి సిరిసిల్ల గడప తొక్కకుండా పెండ్లాం ఊళ్ళో కూర్చున్నాడన్న మంట ఆమెకు ఉంది. వచ్చి చూస్తే ఏం కనబడింది? తమ్ముడు బయటికి పోడు. దోస్తులతో కల్లుకు పోడు. పెండ్లాం పక్కన కూర్చుని బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్నాడు. బిందె ఎత్తబోతే పెండ్లాం ఉరికొచ్చి లాక్కుంటుంది. ఎండలో కూడా అంగీ విప్పడు. ఏమైందిరా అంటే పెండ్లాం ముఖం చూస్తాడు.

మా దిక్కు దీనికి ఒక పేరు ఉంది. పెట్టుడు మందు. మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుందని, అది కడుపులో గడ్డ కట్టి మనిషిని లోపల నుంచి గుంజుతుందని నమ్మకం. దాన్ని కక్కించి తీసేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఇంటి ముందు ఆటోలు ఆగి ఉంటాయి. మొగుడు పెండ్లాం మాట విన్నాడంటే అది ప్రేమ అని గానీ, భయం అని గానీ, రోగం అని గానీ మావాళ్ళకు తట్టదు. మందే తడుతుంది. పెండ్లాన్ని తన్నేవాడికి ఏ మందూ పెట్టలేదని వీళ్ళ లెక్క.

మేనత్త అమ్మ ఎదురుగానే బాపుతో అన్నది.

"తమ్మీ, నీకు మందు వెట్టిండ్రు. నా తోని నడువు, తీపిచ్చుకొస్త."

అక్కడ బాపు ఒక్క గుండీ విప్పితే అయిపోయేది. అక్కా, నా రోగం ఇది, నా పెండ్లాం నన్ను కాపాడుతున్నది అంటే అయిపోయేది. అనలేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. అక్క నోరు సిరిసిల్లంతా తిరుగుతుందని, ఆ మాట ఏజెంటు చెవిన పడుతుందని భయం. వీసా పోతుందని భయం. పెండ్లాం పరువు పోవడం మీద మాత్రం భయం లేదు. మర్నాడు బుద్ధిగా అక్క వెంట బస్సెక్కాడు.

గంభీరావుపేట దాటాక ఎక్కడో ఒక పల్లెలో ఉండేవాడట ఆ మందు తీసే మనిషి. నేను ఆదివారం వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏదో ఆకు దంచి పసరు తాగించాడు, బాపు పేగులు తెగేలా కక్కాడు, కక్కినదాంట్లోంచి ఆ మనిషి పుల్లతో నల్లటి ముద్ద ఒకటి తీసి విస్తరి ముక్కలో పెట్టి అందరికీ చూపించాడు. పరగడుపున ఎవడికైనా అంత పసరు పోసి కక్కిస్తే ఏదో ఒకటి పడుతుంది. నాకు పోసినా పడుతుంది, ఆ మనిషికి పోసినా పడుతుంది. మేనత్త ఆ ముద్దను కళ్ళారా చూశానని వాడకట్టంతా చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. వేర్లు ఇంకా కడుపులోనే ఉన్నాయన్నాడట ఆ మనిషి. దానికి పథ్యం చెప్పాడు. రోజూ పొద్దున పరగడుపున గ్లాసుడు ఆకు పసరు. రెండు పూటలా ఉప్పు లేని ఆకుకూర, జొన్నరొట్టె, వేరే ఏదీ ముట్టొద్దు. మందు పెట్టిన చేయి పొయ్యి దగ్గరికి రావొద్దు. అంటే మా అమ్మ చేయి.

మేనత్త మూట సర్దుకుని మా ఇంట్లోనే దిగిపోయింది. మా పొయ్యి ఆమెదైంది. అమ్మ ముందు గదిలో చాట ముందేసుకుని బీడీలు చుట్టేది. తన ఇంట్లో తనే దాహానికి నీళ్ళు అడుక్కోవలసి వచ్చింది. వాడకట్టు ఆడవాళ్ళు వచ్చి, కూర్చోకుండా, వాకిట్లో నిలబడే మాట్లాడి పోయేవారు. ఇదివరకు ఎవరింట్లో పెండ్లైనా పప్పు రుబ్బడానికి అమ్మను పిలిచేవారు. ఆ పిలుపులు ఆగిపోయాయి. అమ్మకు ఇది అన్నం లేకపోవడం కంటే ఎక్కువైంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అన్నీ మింగింది. ఒక్కసారి మాత్రం బాపుతో, మీ అక్కకు చెప్పు, లేకుంటే నన్నన్నా చెప్పనియ్యి అన్నదట. ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు, వీసా రాగానే అన్నీ సర్దుకుంటాయని ఆయన జవాబు. నేను ఆయనతో కొట్లాడాను. ఆ పసరు ఏమిటో తెలియకుండా ఎట్లా తాగుతావు బాపూ అన్నాను. ఆకే గదా బిడ్డా, ఆకు ఏం చేస్తది అన్నాడు. అంటున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. ఎందుకు చూడలేదో నాకు తర్వాత తెలిసింది.

నేను మళ్ళీ ఇంటికి వచ్చినప్పుడు అమ్మ నన్ను బావి గడ్డకు తీసుకుపోయి, ఎవరూ లేరని చూసుకుని, మీ బాపు గుండె చప్పుడు మారిందని చెప్పింది. మధ్యాహ్నం ఆయన పడుకుంటే అమ్మ గుమ్మంలో కూర్చుని ఆ టిక్కు టిక్కు వినేదట. ముందు గోరుతో గిన్నె మీద కొట్టినట్టు ఉండేది ఇప్పుడు గుడ్డ చుట్టి కొట్టినట్టు ఉందన్నది. బాపును నేను జగిత్యాలకు పోదాం పదమని పిలిచాను. మేనత్త పథ్యం మధ్యలో గడప దాటొద్దన్నది. బాపు అక్క మాటే విన్నాడు. పెండ్లాం మాట వింటే మందు పెట్టినట్టు కదా.

ఆ వారమే ఒకరోజు పొద్దున పసరు గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి పక్కకు పోయింది. మాట పోయింది. ఆకుపచ్చ నీళ్ళు అంగీ మీదుగా కారుతుంటే మేనత్త గుండెలు బాదుకుంటూ, మందు తిరగబడ్డదని, ఇది మళ్ళీ ఏదో పెట్టిందని వీధిలోకి ఉరికిందట. అమ్మ ఆమె వెనక ఉరకలేదు. ఆటో కోసం పోయింది.

కోరుట్ల నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి హైదరాబాదు. నేను జగిత్యాలలో ఎక్కాను. హైదరాబాదులో పెద్ద దవాఖానలో కాగితాలు చూసి, రక్తం తీసి, ఛాతీ మీద యంత్రం పెట్టి చూశాక ఒక డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ మధ్య ఏం తిన్నాడు అని అడిగింది. అన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. అమ్మ అన్నీ చెప్పింది. పసరు దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టేసింది.

ఆమె చెప్పినది నాకు అర్థమైనంత చెబుతాను. ఆకుకూరల్లో విటమిన్ కె అని ఒకటి ఉంటుంది. గాయమైతే నెత్తురు గడ్డ కట్టి ఆగాలంటే అది ఉండాలి. అది లేక పుట్టిన పిల్లలకు లోపల లోపలే నెత్తురు కారి ప్రాణం మీదికి వస్తుందని, పుట్టగానే తొడకు ఒక సూది వేస్తారు. ఎముకల గట్టితనానికి కూడా దాని సాయం కావాలట. అంత మంచిది. కానీ బాపు వేసుకునే గోలీ పని, సరిగ్గా ఆ విటమిన్ పనికి అడ్డుపడటమే. నెత్తురు మరీ చిక్కబడకూడదు, మరీ పల్చబడకూడదు. తక్కెడలో ఒక పక్క గోలీ, ఒక పక్క ఆకు. దుబాయి దవాఖానవాళ్ళు నెలనెలా రక్తం పరీక్ష చేసి గోలీ ఎంత వేయాలో తేల్చారు. అప్పుడు ఆయన క్యాంపులో తినే తిండిలో ఆకు లేదు. ఆ లెక్క గోలీతోనే ఇంటికి వచ్చాడు. ఇక్కడ మేము పచ్చి ఆకు గ్లాసుల కొద్దీ పోశాం. గోలీ ఓడిపోయింది. లోహపు కవాటం మీద గడ్డ పేరుకుంది, అందుకే చప్పుడు మందగించింది. ఆ గడ్డలోంచి ముక్క ఒకటి తెగి మెదడుకు పోయింది.

"ఆకు తప్పు కాదమ్మా. రోజూ ఒక్క తీరుగా తింటూ పరీక్ష చేయించుకుంటే, గోలీని దానికి తగ్గట్టు మేం సరిచేస్తాం. ఉన్నట్టుండి మార్చడమే తప్పు."

 అమ్మ, ముందు నేను వండిన కూర వల్ల అయిందా, ఆ పసరు వల్ల అయిందా అని అడిగింది. పసరే ఎక్కువ చేసి ఉంటుందని, కానీ ఏది ఎంతని ఇప్పుడు తేల్చి చెప్పలేనని డాక్టరమ్మ అన్నది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. అమ్మ ఆ జవాబును జీవితాంతం మోసింది. పసరు తాగించినవాళ్ళు మాత్రం ఏదీ మోయలేదు.

బాపు బతికాడు. కుడి కాలు, కుడి చేయి పనికి రాలేదు. మాట రాలేదు. వినేవాడు, అన్నీ అర్థమయ్యేవి, ఎడమచేయి బాగా ఆడేది. తెలివి వచ్చాక ఆ ఎడమచేయి చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? మేనత్త చూడటానికి లోపలికి వస్తుంటే దుప్పటిని ఛాతీ మీదికి లాక్కుంది. అమ్మ చూసింది. మళ్ళీ నోరు మూసుకుంది. పక్షవాతం అని మాత్రం చెప్పింది.

ఇంటికి తెచ్చాక అమ్మ డాక్టరమ్మ చెప్పినట్టే చేసింది. రోజూ పిడికెడు ఆకు. ఎండాకాలమైనా వానాకాలమైనా, ఇంట్లో వేరే కూర ఉన్నా లేకున్నా, పప్పులో వేసి పెట్టేది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నెలనెలా రక్తం నేను జగిత్యాలలో ఇప్పించేదాన్ని. అప్పట్లో దాన్ని అక్కడి నుంచి హైదరాబాదుకు పంపేవారు. అమ్మకు చదువు రాదు గానీ తన పిడికిలి తనకు తెలుసు.

ఆ రోజుల్లోనే మల్యాల దిక్కు ఊరతను ఒకడు బాపును చూడటానికి వచ్చాడు. క్యాంపులో బాపు పక్క మంచం అతనిది. ఛుట్టీకి ఇంటికి వచ్చి, కొండగట్టులో అంజన్నకు మొక్కు తీర్చుకుని, అటు నుంచి కోరుట్ల వచ్చాడు. బాపును చూసి, పసరు సంగతి మా నోట విని ఏడ్చాడు. ఏడుస్తూ, ఆకుకూర సంగతి అన్నకు తెలుసు గదా, అక్కడి నర్సమ్మ హిందీలో ఎన్నిసార్లు చెప్పిందో అన్నాడు. క్యాంపులో పాలకూర పప్పు వండిన రోజు వీళ్ళంతా బాపుకు విడిగా పప్పు తీసి పెట్టేవారట. అన్న తనే అడిగి తీయించుకునేవాడట. నెలనెలా రక్తం పరీక్షకు ఇతనే తోడు పోయేవాడట. నేను బాపు వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

అంటే తెలుసు. గంగవాయిలి చూసి కళ్ళు మెరిసినప్పుడూ తెలుసు, గ్లాసు ఎత్తి పసరు తాగినప్పుడూ తెలుసు. కొన్నాళ్ళే కదా, ఏం కాదులే అనుకుని ఉంటాడు. మనిషికి ఆశ ఉంటుంది, నాలుకకు ఆశ ఉంటుంది, దానికి నేను తప్పు పట్టను. కానీ నాకిది పడదని ఒక్క మాట చెబితే, ఎందుకు పడదని అక్క అడుగుతుంది. అక్కడ ఆపరేషన్ బయటపడుతుంది. అది చెప్పడం కంటే పసరు తాగడమే ఆయనకు సులువైంది. దేశం కాని దేశంలో గుండె కోయించుకుని వచ్చినవాడు సొంత అక్క ముందు రోగినని చెప్పుకోలేకపోయాడు. రోగి అయితే వీసా లేదు. వీసా లేకుంటే మగవాడు కాడు. సాంచాలు ఆపినవాళ్ళెవరో, గల్ఫుకు తోసినవాళ్ళెవరో నాకు తెలుసు, వాళ్ళ మీద కూడా నాకు కోపమే. కానీ వాళ్ళెవరూ మా అమ్మకు మాట ఇచ్చినవాళ్ళు కారు, అమ్మ దగ్గర మాట తీసుకున్నవాళ్ళూ కారు.

ఇంతలో మేనత్త మళ్ళీ వచ్చింది. అమ్మ బాపు నోట్లో పప్పు అన్నం పెడుతుంటే చూసింది. ప్రతిరోజూ ఆకే, అదీ కొలిచినట్టు పెడుతున్నదని పక్కింట్లో విన్నది. ఇంకేం, మందు ఇంకా నడుస్తున్నదని తేల్చేసింది. సిరిసిల్ల పోయి కులపెద్దను, ఇంకొందరిని వెంట పెట్టుకుని వచ్చింది. మా ఇంటి వాకిట్లో చాపలు పరిచారు. బాపు మంచాన్ని బయటికి తెచ్చి మధ్యలో వేశారు.

కులపెద్ద నెమ్మదైన మనిషి, నెమ్మదిగానే అన్నాడు. మా అమ్మ కొండగట్టు పోయి, తలస్నానం చేసి తడి చీరతో అంజన్న ముందు నిలబడి, నా మొగుడికి నేను ఏమీ పెట్టలేదని ప్రమాణం చేయాలట. చేస్తే అందరూ నమ్ముతారట. చేయకుంటే తమ్ముణ్ణి మేనత్త సిరిసిల్లకు తీసుకుపోతుందట. తీసుకుపోతే పిడికెడు ఆకు ఎవరు చూస్తారు, గోలీ ఎవరు వేస్తారు, రక్తం ఎవరు ఇప్పిస్తారు? మేనత్త చేతిలో ఆయన నెల దాటడని అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. నేను లేచి నిలబడ్డాను. అమ్మ నా చేయి పట్టి కూర్చోబెట్టింది.

అప్పుడు అమ్మ మాట్లాడింది. అన్ని నెలల్లో నలుగురిలో మాట్లాడటం అదే మొదటిసారి.

"నేను ఏం వెట్టిన్నో చెప్త. పుంటికూర వెట్టిన, గంగవాయిలి వెట్టిన, తోటకూర వెట్టిన. గిప్పుడు దినాం పిడికెడు వెడుతున్న. వదినా, నువ్వు తాపిన పసరు ఏ ఆకుదో జెర చెప్పు."

మేనత్త కులపెద్ద వైపు చూసింది. ఆమెకు తెలియదు. అంతకాలం రోజూ పొద్దున తమ్ముడి నోటికి అందించిన ఆకు పేరు ఆమెకు తెలియదు. దేవుడి మనిషి ఇచ్చింది, పేరు అడుగుతారా అని గొణిగింది. ఎవరూ ఆమెను ప్రమాణం చేయమనలేదు.

అమ్మ లేచి మంచం దగ్గరికి పోయింది. బాపు అంగీ మీద చేయి వేసింది. ఏం జరగబోతుందో ఆయనకు అర్థమైంది. ఎడమచేత్తో అంగీని గుప్పిట పట్టాడు. మనిషిలో సగం చచ్చిపోయినా ఆ గుప్పిట చావలేదు. అమ్మ ఒక్కొక్క వేలే విప్పింది. తర్వాత ఒక్కొక్క గుండీ విప్పింది. గాటు అందరికీ కనబడింది. ఆపరేషన్ సంగతి, గోలీ సంగతి, ఆకు సంగతి డాక్టరమ్మ చెప్పినట్టు నేను చెప్పాను. 

మేనత్త తమ్ముడి ఛాతీ మీద పడి ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు, ఆమె ప్రేమ కూడా దొంగది కాదు. నాకు అదే ఇంకా మండింది. నాకు లోపల మాత్రం, ఇక అయిపోయింది, మా అమ్మ గెలిచింది అనిపించింది. అప్పుడు కులపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"గింత పెద్ద సంగతి దాస్తవామ్మా? ముందుగాల చెప్తే గా పసరు తాపకపోదురు గదా. పిలగాన్ని నువ్వే ఆగం జేస్తివి."

తలలన్నీ ఊగాయి. అవును, దాచింది, ఆడదానికి ఇంత గుట్టు పనికిరాదు, చెబితే ఇట్లా అయ్యేదా అన్నారు. మేనత్త ఏడుపు ఆపి, అదే మాట అన్నది. మందు పెట్టిన నేరం పోయి, దాచిన నేరం వచ్చి మా అమ్మ నెత్తిన కూర్చుంది. అంతా క్షణంలో అయిపోయింది. వాళ్ళకు కావలసింది నిజం కాదు. తప్పు ఆడదాని దగ్గర ఉంటే చాలు, ఏ తప్పైనా పరవాలేదు.

 అమ్మ మంచం మీదికి వంగి బాపు ముఖంలోకి చూసింది.

"చెప్పద్దని ఎవలన్నరు? నోరు లేకుంటే లేకపాయె. తల ఊపు సాలు."

 బాపు అమ్మను చూశాడు. నన్ను చూశాడు. మంచం చుట్టూ కూర్చున్న సిరిసిల్ల మగవాళ్ళను, ఒకప్పుడు తనతో సాంచాలు నడిపినవాళ్ళను చూశాడు. ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయని నాకు ఆ కళ్ళలో కనబడింది. తర్వాత మెల్లగా, చాలా కష్టం మీద, తల గోడ వైపు తిప్పుకున్నాడు.

అటు తిప్పగలిగిన తలను కిందికీ మీదికీ ఒక్కసారి ఊపలేడా? ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు అమ్మ చేతి అన్నం తినే బతికాడు, అమ్మ ఒళ్ళోనే పోయాడు. నేను ఆయనకు సేవ చేశాను, పోయినప్పుడు ఏడ్చాను కూడా. ఆ తిప్పుకున్న ముఖాన్ని మాత్రం క్షమించలేదు. ఆ రోజు పెద్దలు ఆ తిప్పుకున్న తలనే అమ్మ తప్పుకు సాక్ష్యం కింద కట్టి, ప్రమాణం అక్కర్లేదు, తమ్ముడు ఇక్కడే ఉండనీ అని చెప్పి, చాపలు దులుపుకుని లేచారు.  అమ్మ వంగి ఆయన అంగీ గుండీలు మళ్ళీ పెట్టింది.